ఫ్యాన్ డైరెక్ట్ చేసిన కాలం

కార్బొరేటర్ కాలపు మారుతి 800 ఇప్పటికీ తిరుగుతున్న ఊళ్లలో, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కీ తిప్పి చూడండి. చాలా బళ్లలో రేడియేటర్ ఫ్యాన్ ఆ క్షణం నుంచే తిరగడం మొదలుపెడుతుంది. కంపెనీ చేసిన ఏర్పాటు అది కాదు. నీళ్ల వేడి సుమారు 90 డిగ్రీలు దాటాక థర్మో స్విచ్ కలవాలి, దానితో రిలే పనిచేసి ఫ్యాన్‌కు కరెంటు అందాలి, వేడి కొంత తగ్గగానే స్విచ్ విడిపోయి ఫ్యాన్ ఆగాలి. ఎప్పుడో ఒకనాడు ఫ్యాన్ తిరగలేదు, బండి హీటెక్కింది. షెడ్డులో ఆ స్విచ్‌ను పక్కన పెట్టి, కీ వేస్తే చాలు ఫ్యాన్ తిరిగేలా ఒక వైరు లాగేశారు. దీన్నే ఫ్యాన్ డైరెక్ట్ చేయడం అంటారు. మెకానిక్‌ల బద్ధకమనో, ఎలక్ట్రికల్ పని రాకపోవడమనో ఈ అలవాటును కొట్టిపారేయడం సులువు. దాని వెనకున్న చరిత్ర చూస్తే ఆ తీర్పు నిలవదని నా వాదన. డైరెక్ట్ చేసినవాళ్లు తమ వృత్తి నేర్పిన పాఠాన్నే పాటించారు. నష్టం జరిగింది, నిజమే. అందులో ఎక్కువ భాగం వైరు కలపడం వల్ల వచ్చింది కాదు, కలిపాక అసలు కారణం వెతకడం ఆగిపోవడం వల్ల వచ్చింది.

1983కు ముందు మన రోడ్ల మీద ఉన్న కార్లు ముఖ్యంగా రెండు. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఫియట్, అంటే తర్వాతి పద్మిని. రెండింటిలోనూ ఇంజన్ నిలువుగా, ముందు నుంచి వెనక్కి ఉంటుంది. దాని ముక్కున ఫ్యాన్, ఫ్యాన్ ఎదురుగా రేడియేటర్. ఇంజన్ తిరిగినంతసేపూ బెల్టు తిరుగుతుంది, బెల్టు తిరిగినంతసేపూ ఫ్యాన్ తిరుగుతుంది. టాటా మెర్సిడెస్ లారీలు 1954 నుంచి వచ్చాయి, వాటిలోనూ ఇదే పద్ధతి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పని నేర్చుకున్న తరం చేతికి అలవాటైంది లారీలూ అంబాసిడర్లే. వాళ్లకు ఆగి ఉన్న ఫ్యాన్ అంటే ఆగి ఉన్న ఇంజనే. ఇంజన్ నడుస్తూ ఫ్యాన్ ఆగిందంటే బెల్టు తెగి ఉండాలి, లేదా సడలి ఉండాలి. బొటనవేలితో నొక్కి చూస్తే తెలిసిపోయేది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. అదే బెల్టు డైనమోను కూడా తిప్పేది కాబట్టి, తెగిన మరుక్షణం డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్ ఎర్రలైటు వెలిగేది. ఫ్యాన్ పోయిన కబురు నీళ్లు మరగకముందే డ్రైవరుకు అందేది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, కథంతా దీని మీదే నడుస్తుంది.

బెల్టు ఫ్యాన్‌లో పెద్ద లోపమూ ఉంది. అది ఇంజన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, వేడిని బట్టి కాదు. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తున్నప్పుడు ఫ్యాన్ జోరుగా తిరిగి ఇంజన్ శక్తిని వృథాగా తింటుంది. రైల్వే గేటు దగ్గర, గాలి లేని చోట, ఐడిల్‌లో ఉన్నప్పుడు నింపాదిగా తిరుగుతుంది. అందుకే పాత డ్రైవర్లు న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ నొక్కి ఉంచేవారు. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు లాంటి ఎత్తుల మీద, ఇంజన్ మీద భారం ఎక్కువ, బండి వేగం తక్కువ, గాలి ఇంకా తక్కువ. దారి పక్కన బానెట్లు ఎత్తి నిలబడిన కార్లూ, డిక్కీలో నీళ్ల డబ్బాలూ ఆ కాలపు ప్రయాణంలో మామూలు విషయాలు.

కరెంటు ఫ్యాన్ పుట్టింది ఈ లోపం కోసం మాత్రమే కాదు, ఇంజన్ పక్కకు తిరగడం వల్ల కూడా. 1959లో బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ మినీ కారులో ఇంజన్‌ను అడ్డంగా పెట్టారు. బెల్టు ఫ్యాన్‌నే ఉంచాలి కాబట్టి రేడియేటర్ కూడా పక్కకు జరిగి, ఎదురుగాలికి దూరమైంది. ఇటలీలో దాంతే జకోసా వేరే దారి పట్టారు. 1964 నాటి ఆటోబియాంకి ప్రిములాలో పరీక్షించి, 1969లో ఫియట్ 128తో లోకానికి చూపిన అమరికలో ఇంజన్ అడ్డంగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ముందే గాలికి ఎదురుగా ఉంటుంది, ఫ్యాన్‌కు సొంత మోటారు. చిన్న కారు ఫ్యాన్ మోటారుకు 7–8 ఆంపియర్లు కావాలి. ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వలేని డైనమోతో అది కష్టం, నెమ్మదిగా తిరిగినా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వాడుకలోకి వచ్చాక సులువైంది. మినీకి ముందువైపు రేడియేటర్, కరెంటు ఫ్యాన్ రావడానికి 1990ల చివరిదాకా పట్టింది.

మన దగ్గరకు ఈ ఏర్పాటు ఇంటింటి సంగతిగా వచ్చింది 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800తోనే. 796 సీసీ, మూడు సిలిండర్లు, అడ్డంగా పెట్టిన ఇంజన్. దానితో షెడ్డులో పని పంపకమే తారుమారైంది. అప్పటిదాకా ఫ్యాన్ మెకానిక్ సొత్తు. డైనమో, సెల్ఫ్, లైట్లు, హారన్ ఆటో ఎలక్ట్రీషియన్ సొత్తు. ఇద్దరివీ వేరు వేరు షెడ్లు, వేరు వేరు గురువులు. బండి హీటెక్కుతోందనే ఫిర్యాదు మెకానిక్ దగ్గరకే వస్తుంది. జబ్బు మాత్రం ఫ్యూజులోనో, రిలేలోనో, తుప్పు పట్టిన ఎర్త్ దగ్గరో, అరిగిపోయిన మోటారు కార్బన్లలోనో ఉంటుంది. రెండు వృత్తుల సరిహద్దులో పడిన ఈ భాగం ఎవరి బాధ్యతో తేలలేదు. ఆ సరిహద్దు దాటకుండా మెకానిక్ చేయగలిగిన పని ఒకటే, ఫ్యాన్‌ను మళ్లీ అంబాసిడర్ ఫ్యాన్‌లా ఎప్పుడూ తిరిగేలా చేయడం. తొలి ఏళ్లలో మారుతి విడిభాగాల్లో ఎక్కువ భాగం జపాన్ నుంచే వచ్చేవనీ మరవకూడదు. అసలైన స్విచ్ వచ్చేదాకా ట్యాక్సీ షెడ్డులో ఆగి ఉండలేదు.

ఎండ కూడా మెకానిక్‌ల పక్షానే సాక్ష్యం చెబుతుంది. రేడియేటర్ విడిచే వేడి నీళ్లకూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. నీళ్లు 90 డిగ్రీలు, గాలి 20 అయితే తేడా 70. మే నెలలో రెంటచింతల లాంటి చోట గాలి 45కు చేరితే తేడా 45 మాత్రమే, మూడో వంతుకు పైగా బలం పోయినట్టే. చల్లని దేశంలో స్విచ్ కాస్త ఆలస్యంగా కలిసినా ఇంజన్ తట్టుకుంటుంది. ఇక్కడ ఆ వ్యవధి తక్కువ. హెడ్ గ్యాస్కెట్ పోతే, హెడ్ వంగితే అయ్యే ఖర్చు ముందు ఒక వైరు ఖర్చు ఏపాటిది?

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఎప్పుడూ తిరిగే ఫ్యాన్ ఇంజన్‌ను కావలసిన వేడికి చేరనివ్వదనీ, పెట్రోలు ఎక్కువ తాగిస్తుందనీ అంటారు. ఇది సగమే నిజం. థర్మోస్టాట్ సరిగ్గా ఉంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకే వదలదు. చల్లటి రేడియేటర్ ముందు ఫ్యాన్ తిరిగినా ఇంజన్‌కు పెద్దగా తెలియదు. అసలు చేటు ఎక్కడంటే, చాలా షెడ్లలో ఆ థర్మోస్టాట్‌ను కూడా పీకి పారేశారు. రెండూ కలిసినప్పుడు ఇంజన్ చలితో నడిచింది, చోక్ ఎక్కువసేపు కావలసి వచ్చింది, మైలేజీ పడింది. ఫ్యాన్ మోటారు కార్బన్లు తొందరగా అరిగాయనేది మాత్రం డైరెక్ట్ వైరు సొంత పాపమే. అన్నిటికన్నా బరువైన నష్టం వేరే ఉంది. పాత బెల్టు తెగితే ఎర్రలైటు చెప్పేది. డైరెక్ట్ చేసిన మోటారు ఒక మధ్యాహ్నం చడీచప్పుడూ లేకుండా ఆగిపోతే చెప్పేవాళ్లెవరూ లేరు. ఎప్పుడూ వినిపించే చప్పుడును చెవి పట్టించుకోదు, అది ఆగిన సంగతీ పట్టించుకోదు.

పరీక్షించే సాధనాలు లేక డైరెక్ట్ చేశారనే వాదనను నేను ఒప్పుకోలేను. ఈ పనికి మీటరు కూడా అక్కర్లేదు. ఒకే వైరున్న స్విచ్ అయితే, కీ వేసి, ఆ వైరు తీసి ఇంజన్ బాడీకి తాకిస్తే చాలు. రెండు వైర్లుంటే ఆ రెంటినీ కలపాలి. ఫ్యాన్ తిరిగిందా, ఫ్యూజు, రిలే, మోటారు బాగున్నాయి, లోపం స్విచ్‌లోనో, నీళ్లు తగ్గి స్విచ్ దగ్గర గాలి చేరడంలోనో ఉంది. తిరగలేదా, మోటారుకు బ్యాటరీ నుంచి సూటిగా కరెంటు ఇచ్చి చూడాలి. అప్పుడు తిరిగితే జబ్బు ఫ్యూజులోనో, రిలేలోనో, వైరింగులోనో ఉంది, తిరగకపోతే మోటారులో. చిత్రమేమిటంటే డైరెక్ట్ చేసేటప్పుడు మెకానిక్ సరిగ్గా ఈ పరీక్షే చేశాడు. వైరు కలిపాడు, ఫ్యాన్ తిరిగింది, జవాబు కళ్లెదుటే ఉంది. దాన్ని జవాబుగా కాక మందుగా తీసుకున్నాడు. మోటారు వైర్లు అటూ ఇటూ మారి ఫ్యాన్ వెనక్కి తిరుగుతూ గాలిని ఎదురు నెడుతున్నా, తిరుగుతోంది కదా అని బండిని పంపేసిన సందర్భాలూ ఇందులో భాగమే.

ఆ తర్వాత జరిగింది నా వాదనకు బలమైన ఆధారం. 2000 ప్రాంతంలో ఉద్గార నిబంధనలు బిగిసి మారుతి 800కు కార్బొరేటర్ స్థానంలో ఎంపీఎఫ్ఐ అనే ఇంధన ఇంజెక్షన్ ఉన్న ఇంజన్ వచ్చింది, వేడి సంగతి చూసుకునే పని కంప్యూటర్ చేతికి వెళ్లింది. ఇలాంటి కార్లలో చాలావాటికి ఇంజనీర్లు ఒక జాగ్రత్త రాసిపెట్టారు. వేడి చెప్పే సెన్సర్ తెగిపోతే ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. అంటే సెన్సర్ మాట నమ్మలేనప్పుడు ఫ్యాన్ తిరగడమే మేలని షెడ్డులోని మనిషి చేసిన నిర్ణయాన్నే కంపెనీలూ చేశాయి. తేడా ఒక్కటే, కంప్యూటర్ ఆ పని చేస్తూనే చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. అంబాసిడర్ ఎర్రలైటు ఇచ్చిన హెచ్చరిక లాంటిది తిరిగి వచ్చింది.

మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు పాత 800లను వెతికి బాగుచేయించుకునేవాళ్లు పెరుగుతున్నారు. వాళ్లకు నా సలహా ఒకటే. ఏసీ ఉన్న బండి అయితే ఏసీ ఆపి, ఇంజన్ చల్లగా ఉండగా కీ వేయండి. ఫ్యాన్ వెంటనే తిరిగితే ఆ వైరును కోపంతో పీకేయకండి. ముందు థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి, నీళ్లు నింపి గాలి పోనివ్వండి, స్విచ్ కొత్తది వేసి పాత వైరింగు కలపండి. ఆ తర్వాత డైరెక్ట్ వైరు ఒక కొస విప్పి, బండిని ఐడిల్‌లో ఉంచి, ఫ్యాన్ తనంతట తాను రెండుసార్లు తిరిగి రెండుసార్లు ఆగాకే ఆ వైరును పూర్తిగా తీసేయండి.