కింది మెట్టు లేని లీగు

2024 ఫిబ్రవరిలో ఓ రాత్రి ఆలంపూర్‌లో, సంగమేశ్వరాలయం దారిలో టీ బంకు బెంచీ మీద కూర్చుని నలుగురం ఒకే ఫోన్లోకి తలలు దూర్చి హైదరాబాద్ ఎఫ్‌సీ ఆట చూస్తున్నాం. మనవాళ్లు ఓడిపోతున్నారు. ఆ సీజన్లో అది వార్త కూడా కాదు. మా చిన్నాన్న కొడుకు, ఇంజనీరింగ్ మూడో ఏడు, లివర్‌పూల్ అంటే పడిచస్తాడు, అడిగాడు.

"అన్నా, ఇట్లే ఓడిపోతా ఉంటే మనోళ్లు రెలిగేట్ అయితారా?"

"కారు."

"అదేంది?"

"మన లీగులో రెలిగేషన్ లేదు."

వాడు కాసేపు ఆలోచించి, "మరి చివర్లో ఉంటే ఏమైతది?" అన్నాడు.

ఏమీ కాదన్నాను. నాది తప్పని తేలడానికి ఏడాదిన్నర పట్టింది. 2025లో జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇంగ్లండులో జట్టు ఓడితే కింది డివిజన్లోకి పోతుంది గానీ ఊళ్లోనే ఉంటుంది. మనది కిందికి పోలేదు, ఊరే వదిలింది.

ఆ సీజన్ అంతా అభిమానుల మధ్య జరిగిన గొడవలు గుర్తొస్తే ఇప్పుడు నవ్వూ బాధా రెండూ వస్తాయి. ఎందుకంటే మేం వాదించుకున్న భాషంతా అరువుది. కోచ్‌ని తీసెయ్యాలా, జనవరిలో ఎవర్ని కొనాలి, అడుగున పడతామా: ఇవన్నీ శని ఆదివారాలు టీవీలో ప్రీమియర్ లీగ్ చూసి నేర్చుకున్న ప్రశ్నలు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టోని తీసెయ్యమని ఒక వర్గం. చేతిలో మందే లేని డాక్టర్ని తిట్టి ఏం లాభమని ఇంకో వర్గం. నేను రెండో వర్గం. అప్పటికే జీతాల బకాయిల గొడవ ఫిఫా దాకా వెళ్లి, కొత్త ఆటగాళ్లని చేర్చుకోకుండా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు, పేరున్న మనవాళ్లూ వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో సింగ్టో సీజన్ చివరిదాకా లాగించాడు. మొత్తం 22 ఆటల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పన్నెండింటిలో పన్నెండో స్థానం. కొనే వీలే లేని జట్టుకి ఎవర్ని కొనాలా అని మేం జాబితాలు రాసుకున్నాం!

రెండేళ్ల కిందట ఇదే జట్టు దేశంలో విజేత. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, తర్వాత పెనాల్టీల్లో 3-1. లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే హైదరాబాద్‌లో మా అద్దె ఫ్లాట్ కింది అంతస్తు వాళ్లు పైకి వచ్చి గొడవ పెట్టుకున్నారు, అంత అరిచాం. కానీ ఒక సంగతి అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. మనోలో మార్కెజ్ అనే స్పానిష్ కోచ్ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లని నమ్మి కట్టిన జట్టు ఆ రెండేళ్లలో గచ్చిబౌలిలో ఒక్క ఆటా ఆడలేదు. విజేతలయ్యే క్రమం మొత్తం మనం తెర మీదే చూశాం. ఫైనల్లో మొదట దిగిన పదకొండుమందిలో హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడు. ఇది నేను తప్పుగా అనడం లేదు, ఏ పెద్ద లీగులోనైనా అంతే. కానీ ఊరితో జట్టుకున్న ముడి ఎంత వదులుగా ఉందో అక్కడే కనబడాల్సింది.

అసలు ఆ జట్టు పుట్టుకే అలాంటిది. 2019 ఆగస్టులో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. అదే నెలలో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కి పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఢిల్లీ ఖాళీ అయింది, ఆరేళ్లకి మనది పోయి ఆ ఖాళీ నింపింది. పుణె అభిమానులు 2019లో ఏడ్చినప్పుడు మేం పసుపు జెర్సీలు కొనుక్కునే సందడిలో ఉన్నాం. వాళ్ల గురించి మాలో ఒక్కరూ మాట్లాడిన గుర్తు లేదు.

రెలిగేషన్ విషయంలో ఇంకో విడ్డూరం ఉంది. ఐ-లీగ్ విజేతకి పై లీగులోకి దారి 2023లో తెరిచారు. పంజాబ్ జట్టు అలాగే పైకొచ్చింది. ఆ ఏడు ఐ-లీగ్‌లో రెండో స్థానం మన శ్రీనిధి డెక్కన్‌ది. మరుసటేడు మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచి పైకెక్కింది. మళ్లీ రెండో స్థానం శ్రీనిధిదే. అంటే 2024 వసంతంలో ఒకే నగరంలో, పై లీగులో అట్టడుగున ఉండి కిందపడని జట్టొకటి, కింది లీగులో రెండో స్థానంలో ఉండి పైకెక్కలేని జట్టొకటి. రెలిగేషన్ ఉంటే ఆ ఏడు హైదరాబాద్ ఎఫ్‌సీ కచ్చితంగా దిగేది. మనవాడికి ఇదంతా చెబితే, "రెండూ కలిపేస్తే పోలే?" అన్నాడు. ఇంజనీరింగ్ బుర్ర.

ఇలాంటి వ్యాసాల్లో ఇక్కడికొచ్చేసరికి సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు రావాలి. వస్తుంది, కానీ కొంచెం వేరే కారణానికి. 'మైదాన్' సినిమా తర్వాత ఆయన కథ అందరికీ తెలిసిపోయింది: బడిపంతులు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్, 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, క్యాన్సర్‌తోనే జకార్తా వెళ్లి దక్షిణ కొరియాని 2-1తో ఓడించిన జట్టుని నడిపించడం, 1963 జూన్‌లో మరణం. పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్లయినా నిండకముందు పగ్గాలు పట్టుకున్న మనిషి, ఆ పోలీసు జట్టుతో 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచాడు. ఆ రోజుల్లో బొంబాయి వెళ్లి రోవర్స్ గెలవడం అంటే మామూలు మాట కాదు.

నాకు మాత్రం 1956 దగ్గర ఆగాలనిపిస్తుంది. ఆ నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం లేకుండా పోయింది. సరిగ్గా నెలకి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. కోచ్ హైదరాబాదీ, జట్టు నిండా అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం లాంటి మనవాళ్లు. మా ఆలంపూర్ తాలూకా అప్పటిదాకా రాయచూరు జిల్లాలో ఉండి, ఆ నవంబరులోనే మహబూబ్‌నగర్‌కి వచ్చింది. ఇప్పుడు జోగులాంబ గద్వాల. మనుషులు కదలకుండానే చిరునామాలు మారడం మా ఊరికి కొత్త కాదు.

ఆ రోజులు బంగారం అని రాసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఆ జట్టు కూడా ఊరిది కాదు, ఒక శాఖది. ఆటగాడికి దొరికేది పోలీసు ఉద్యోగం. కలకత్తా క్లబ్బులు పిలిస్తే ఆ ఉద్యోగం ఆపగలిగిన వాళ్లు కొందరే. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి పోయాడు. తర్వాతి తరంలో హబీబ్, నయీముద్దీన్ అదే బండెక్కారు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన హబీబ్ హైదరాబాదీ అని మా తరంలో ఎంతమందికి తెలుసు? బలరాం చివరిదాకా బెంగాల్లోనే ఉండిపోయి 2023లో అక్కడే పోయాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒక సంతోష్ ట్రోఫీ వచ్చింది, అంతే. రహీమ్ సాబ్ పోయాక జారుడు మొదలైంది. ఏ పట్టికలోనూ ఎర్రగీత కింద మన పేరు పడలేదు కాబట్టి ఎప్పుడు పడిపోయామో చెప్పడం కూడా కష్టం.

మోహన్ బగాన్ 1889 నాటిది, ఈస్ట్ బెంగాల్ 1920 నాటిది. వాటికి సభ్యులున్నారు, చందాలున్నాయి, ఎన్నికలున్నాయి, ఎన్నికల్లో కుమ్ములాటలున్నాయి. పెట్టుబడి పెట్టేవాడు మారినా క్లబ్బు కలకత్తా వదలదు, ఎవడన్నా వదిలిద్దామంటే తన్నులు తింటాడు. హైదరాబాద్‌లో స్థానిక లీగులో ఆడే చిన్న క్లబ్బులు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. కానీ పై స్థాయిలో మనకి ఎప్పుడూ దక్కినవి ఒక శాఖ జట్టు, ఒక ఫ్రాంచైజీ. రెంటిలోనూ అభిమానికి ఓటు లేదు. మేం కోచ్ గురించి వాదించుకున్నదంతా అద్దెకున్న వాడు ఇంటి గోడలకి ఏ రంగెయ్యాలా అని వాదించుకోవడం లాంటిది.

2024-25లో కొత్త యజమానులొచ్చారు, డిసెంబరులో సింగ్టోని పంపేశారు. మా మొదటి వర్గం అడిగింది జరిగింది. షమీల్ చెంబకత్ వచ్చాడు. సీజన్ చివరికి పదమూడింటిలో పన్నెండో స్థానం. మహమ్మడన్ మనకన్నా కింద ఉంది. అదో చిన్న ఆనందం.

ఢిల్లీ వార్త వచ్చాక దసరా, దీపావళి హడావిడి అయ్యాక మళ్లీ ఊరికి వెళ్లాను. మా మేనమామకి ఫుట్‌బాల్ పట్టదు. జట్టు పోయిందని చెబితే సంగమేశ్వరాలయం వైపు చూపించాడు. కృష్ణా తుంగభద్రా కలిసేచోట కూడవెల్లిలో ఉండేది ఆ గుడి. శ్రీశైలం నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపూర్‌లో నిలబెట్టారు. పని బాగా చేశారు, కొత్తవాళ్లకి చెబితే గాని తెలియదు.

"గుడిని తెచ్చినారు సరే అల్లుడూ, సంగమాన్ని తేలేదు గదా" అన్నాడు మామ.

"అక్కడ మునిగిపోయేది గదా మామా. ఇక్కడ గచ్చిబౌలి మునగలేదు."

"మునిగింది డబ్బులేమో లేప్పా" అన్నాడు. మా వైపు కర్నూలు గాలి ఎక్కువ.

తమ్ముడు మాత్రం ఆ పసుపు జెర్సీ ఇంకా వదల్లేదు. సాయంత్రం అది వేసుకునే క్రికెట్ ఆడటానికి పోయాడు. ఇక నుంచి ఎవరి వైపని అడిగితే, శ్రీనిధి ఆటలు ఫోన్లో ఎక్కడ వస్తాయని అడిగాడు.