సముద్రం దాటించిన నేత

ఊరికి బయల్దేరేముందు పెట్టె తాళం పడుతోందా, సంచీ కుట్టు ఎక్కడైనా విడిందా అని చూసుకోవడం మనకు అలవాటే. "అబ్బ, ఏం చాదస్తం!" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు కూడా. కానీ వెయ్యేళ్ల కిందట ఈ చాదస్తమే లేకపోతే నార్వే ఓడ ఒక్కటీ మహాసముద్రం దాటేది కాదు.

వైకింగులు అనగానే మనకు గడ్డాలూ, గొడ్డళ్లూ గుర్తొస్తాయి. సుమారు 870 నుంచి వాళ్లు ఐస్‌లాండ్‌లో కాపురాలు పెట్టారు. 985 ప్రాంతంలో ఎరిక్ అనేవాడు గ్రీన్‌లాండ్‌లో జనాన్ని స్థిరపరిచాడు. 1000 ప్రాంతంలో అతని కొడుకు లేఫ్ అమెరికా ఒడ్డున దిగాడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మరి ఆ ఓడల తెరచాపలు ఎవరు నేశారంటారు?

ఆడవాళ్లే! అదీ గొర్రె ఉన్నితో. ఆ ప్రాంతపు గొర్రెలకు లోపల మెత్తటి ఉన్ని, పైన నీళ్లు జారిపోయే పొడుగాటి వెంట్రుక ఉంటాయి. ఆ పై వెంట్రుకను వేరుచేసి, దువ్వి, కదురుతో వడికేవారు. రాట్నం వాళ్లింకా ఎరగరు. గోడకు ఆనించిన నిలువు మగ్గం మీద, పడుగు దారాలకు రాళ్లు వేలాడగట్టి, నిలబడి నేసేవారు. డెన్మార్క్‌లో రోస్కిల్డే దగ్గర 1962లో వెలికితీసిన ఓడల్లో ఒకదాన్ని చూసి ఈ కాలంలో అలాంటిదే కట్టారు. దానికి 90 చదరపు మీటర్ల తెరచాప కావలసివచ్చింది. అంటే మన ఆరుగజాల చీరలు ఓ 14 పక్కపక్కన పరిచినంత! చెక్కపనికన్నా తెరచాప పనికే ఎక్కువ కాలం పట్టి ఉంటుందని పరిశోధకుల అంచనా.

నేసినంతమాత్రాన అయిపోలేదు. నేత సందుల్లోంచి గాలి జారిపోతే ఓడ కదలదు. అందుకని జంతువుల కొవ్వూ, జేగురూ, కొన్నిచోట్ల తారూ కలిపి గుడ్డకు పట్టించేవారు. వాడుతున్నకొద్దీ అది అరిగిపోతుంది. మళ్లీ పట్టించాలి. తక్కువైతే గాలి నిలవదు, ఎక్కువైతే చాప బిరుసెక్కుతుంది. పచ్చట్లో ఉప్పులాగే, దాని పాళ్లు చేతికే తెలియాలి.

తాళ్లదీ అదే కథ. చెట్టు నారతో, గుర్రపు వెంట్రుకతో పేనినవి కొన్ని. ఉత్తరాదివారు వాల్రస్, సీల్ తోళ్లతో చేసిన ఓడమోకులను కప్పంగా ఇచ్చేవారని, ఓథెరే అనే నార్వే నావికుడు 9వ శతాబ్దం చివర ఇంగ్లండు రాజు ఆల్‌ఫ్రెడ్‌కు చెప్పాడు. ఎంత గట్టి మోకైనా కొయ్యకు ఒరుసుకునే చోట నలుగుతుంది. ఆ చోటు రేవులో ఉండగానే తడిమి చూసుకోవాలి. నడిసముద్రంలో తెగితే కొత్తది కొనడానికి అంగడేదీ?

1904లో నార్వేలోని ఓసెబెర్గ్‌లో ఓ మట్టిదిబ్బ తవ్వితే, 834లో పూడ్చిన ఓడ బయటపడింది. అందులో ఉన్నది ఇద్దరు స్త్రీల అస్థికలు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. కానీ పరలోక ప్రయాణానికి ఓడతోపాటు వాళ్లకిచ్చి పంపిన సామానులో మగ్గాలున్నాయి!

ఓడల చెక్క వెయ్యేళ్లు నిలిచింది గానీ తెరచాపలు చివికిపోయాయి. మిగిలింది పేలికలే. ఉత్తర నార్వేలోని ట్రోండెనెస్ చర్చి పైకప్పులో, సందులు పూడ్చడానికి దోపిన మధ్యయుగపు ఉన్ని తెరచాప ముక్క దొరికింది. పాత చీర బొంతలోకి పోయినట్టు, పనికిరాని చాపను ఎవరో పొదుపుగా అలా వాడారు. దారం ఎలా వడికారో, ఎంత ఒత్తుగా నేశారో ఇప్పటివాళ్లు నేర్చుకున్నది ఆ పేలికను చూసే.