బడిపిల్లల పౌర ప్రాజెక్టులు: లక్ష్మీ నగర్, ఢిల్లీ

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు తమ చుట్టూ ఉన్న ఒక సమస్యను తామే ఎంచుకుని, కారణాలు ఆరా తీసి, బాధ్యత గల కార్యాలయం ముందు పరిష్కారం పెట్టడమే పౌర ప్రాజెక్టు. టీచరు దారి చూపుతారు. సమస్యను ఎంచుకునే హక్కు మాత్రం పిల్లలదే.

పేరు కొత్తదైనా పని పాతదే. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చేనాటికి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు పన్నెండేళ్లు నిండలేదు. దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయన మాట వినాలని ఆమె పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే ఆయన కొద్ది నిమిషాలు వస్తారని స్థానిక నాయకులు షరతు పెట్టారు. ఆ డబ్బు పోగుచేసి సభ జరిపించింది. ఏం చేయాలో ఏ పెద్దలూ ఆమెకు చెప్పలేదు. ఆ తర్వాత ఆమె చొరవతోనే ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ బడి ఒకటి ఐటీఓ దగ్గర ఉంది. అక్కడి నుంచి యమున వంతెన దాటితే లక్ష్మీ నగర్.

స్వాతంత్ర్యం తర్వాత చాలాకాలం పౌరశాస్త్రమంటే బట్టీయమే. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పిల్లల్ని స్థానిక సమస్యల మీద ప్రాజెక్టులకు పురిగొల్పింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాక ఎన్‌సీఈఆర్‌టీ ఈ తరగతుల పౌరశాస్త్రం స్థానంలో ‘సామాజిక, రాజకీయ జీవితం’ పుస్తకాలు తెచ్చింది. 2009లో అహ్మదాబాద్‌కు చెందిన కిరణ్ బీర్ సేఠీ, పిల్లలే తమ చుట్టూ ఉన్న సమస్యలకు పరిష్కారాలు వెతికే ‘డిజైన్ ఫర్ చేంజ్’ కార్యక్రమాన్ని ప్రారంభించారు. 2021 సెప్టెంబరు 28న ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో దేశభక్తి పాఠ్యక్రమం మొదలైంది.

లక్ష్మీ నగర్‌లో ఇలాంటి పనికి సమస్యల కొరత లేదు. వికాస్ మార్గ్ రద్దీ, కోచింగ్ సెంటర్లు, ఒకదాన్నొకటి ఆనుకున్న మేడలు. లలితా పార్క్‌లో 2010 నవంబరు 15న ఒక భవనం కూలి అరవై మందికి పైగా చనిపోయారు. గల్లీలో మ్యాన్‌హోల్ మూత విరిగిందనుకుందాం, పిల్లలు ఎవరికి రాయాలి? అరవై అడుగులూ అంతకు మించిన రోడ్లు పీడబ్ల్యూడీవి, గల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌ది, మురుగు పైపు జల్ బోర్డుది, పైన వేలాడే కరెంటు తీగ బీఎస్ఈఎస్ యమునది. టీచరు అసలు సాయం ఇక్కడే కావాలి. ఏ మూత ఎప్పటినుంచి లేదు, ఆ దారిన బడికి ఎందరు నడుస్తారు అని పిల్లల్ని జంటలుగా పంపి లెక్క రాయించాలి. అర్జీ పిల్లల మాటల్లోనే ఉండనివ్వాలి. రసీదు తీసుకునేలా చూడాలి. పెద్దలు రాసిచ్చిన ప్లకార్డులతో ఊరేగింపు తీసి దాన్నే ప్రాజెక్టు అనడం పిల్లలకు అన్యాయం.

చెత్త మీద పనిచేసే తరగతికి దగ్గర్లోనే గాజీపూర్ గుట్ట ఉంది. 1984 నుంచి పేరుకుపోతున్న ఆ గుట్టలో కొంత భాగం 2017 సెప్టెంబరు 1న జారిపడి ఇద్దరు చనిపోయారు. అప్పుడు ఈ ప్రాంతం తూర్పు ఢిల్లీ కార్పొరేషన్ కింద ఉండేది. 2012లో విడిపోయిన మూడు కార్పొరేషన్లు 2022 మేలో మళ్లీ ఒక్కటయ్యాయి. కాబట్టి పాత అర్జీల్లోని చిరునామాలను నమ్మకుండా, ఏ కార్యాలయానికి వెళ్లాలో ప్రతి ఏటా పిల్లల చేతే కొత్తగా కనుక్కోమనాలి.