ఇంప్లాంటు పళ్ళు – కొంత చరిత్ర

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మిత్రులు కలుసుకున్నప్పుడు డి.ఏ., పెన్షన్ సంగతులయ్యాక వచ్చే మాట పళ్ళ గురించే. ఉమ్మడి నల్గొండ జిల్లాలో పళ్ళూ ఎముకలూ అనగానే ఫ్లోరైడు నీళ్ళు గుర్తుకొస్తాయి. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మన జిల్లా ఫ్లోరోసిస్‌పై వ్యాసం వచ్చింది. ఇప్పుడు నేను వ్రాసేది ఆ సంగతి కాదు, ఊడిన పంటి చోట దవడ ఎముకలోకి దించే ఇంప్లాంటు సంగతి. "అన్నీ ఒకటేనండీ, ధరలోనే తేడా" అంటారు మనవాళ్ళు. చరిత్ర చూస్తే అలా తోచదు.

1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆచార్యుడు రక్తప్రసరణ పరిశీలించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చాడు. పని ముగిశాక తీయబోతే రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయనకు దవడలో టైటానియం స్క్రూలు వేశారు. 2006లో ఆయన కన్నుమూసేదాకా అవి పనిచేశాయి. ఆ రోజుల్లోనే అమెరికాలో లింకో అనే వైద్యుడు బ్లేడు ఆకారపువి వాడాడు. వాటి చుట్టూ చాలాసార్లు ఎముకకు బదులు మెత్తని పీచు పెరిగేది. 1982 టొరంటో సదస్సు తర్వాత స్క్రూ పద్ధతికే ఆదరణ పెరిగింది.

స్క్రూకూ చిక్కులున్నాయి. ఎముకలోని స్క్రూకూ, పైన బిగించే ముక్కకూ మధ్య కంటికి కనబడని సందులో సూక్ష్మజీవులు చేరతాయి. సహజ దంతానికైతే చిగుళ్ళ పీచులు వేరులో నాటుకుని అడ్డుగోడలా ఉంటాయి. ఇంప్లాంటుకు ఆ పీచులు పక్కగా పోతాయే గాని నాటుకోవు. కనుక మొదటి ఏడాది ఒకటిన్నర మిల్లీమీటరు, ఆపైన ఏటా 0.2 మి.మీ. లోపు ఎముక తరిగితే ఫరవాలేదని 1980లలో లెక్క కట్టుకున్నారు.

ఇక్కడొక తమాషా జరిగింది. 1991లో 5, 6 మి.మీ. వెడల్పు ఇంప్లాంట్లు వచ్చాయి గాని, వాటికి సరిపడే పై ముక్కలు లేవు. ఆఫీసులో ఒక ఫారం అయిపోతే మరో ఫారం దిద్ది వాడినట్టు, ఉన్న 4.1 మి.మీ. ముక్కలే బిగించారు. ఏళ్ళ తర్వాత ఎక్స్‌రేలు చూస్తే వీటి దగ్గరే ఎముక తక్కువ తరిగింది! సందు ఎముక అంచు నుండి లోపలికి జరగడమే కారణమని 2006లో లజారా, పోర్టర్ వివరించారు. ఈనాడు చాలా కంపెనీలు కావాలనే అలా చేస్తున్నాయి.

గరుకుదనం మాటా అంతే. గరుకైతే ఎముక గట్టిగా పట్టుకుంటుంది, అదే గరుకు చిగుళ్ళ దగ్గర బయటపడితే పాచి పట్టుకుంటుంది. పన్ను అతికించే సిమెంటు చిగుళ్ళ కింద మిగిలినా వాపు తప్పదు. చుట్టూ బ్రష్షు పోయేలా పన్ను కడతారా అని ముందే అడగటం మేలు.

వేయించుకున్నవారు కంపెనీ పేరు, సైజు, లాటు నంబరు ఉన్న స్టిక్కరు అడిగి తీసుకుని పెన్షన్ పేమెంట్ ఆర్డరుతోబాటు దాచుకోండి. పదేళ్ళకు స్క్రూ వదులైతే, ఏ పనిముట్టుతో బిగించాలో కొత్త డాక్టరుకు దాన్ని చూస్తేనే తెలుస్తుంది.