విశాఖపట్నం: సూక్ష్మధూళి మూలాల చరిత్ర

రెండున్నర మైక్రాన్లకు మించని వ్యాసం గల రేణువులను సూక్ష్మధూళి అంటారు. వాడుకలో పీఎం 2.5. విశాఖపట్నం గాలిలో ఈ ధూళి ఏ కాలంలో దేనినుంచి పుట్టిందనేది ఆ నగరపు రేవు, రైలు, కర్మాగారాల చరిత్రతో పెనవేసుకున్న విషయం. ఇక్కడ కంటికి కనబడే ధూళికీ, ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే ధూళికీ పుట్టిళ్లు వేరు. ఖనిజపు కుప్పల మీంచి లేచేది చాలావరకు ముతకరకం. సూక్ష్మమైనది ముఖ్యంగా మంటలోంచి వస్తుంది. కొంత గంధక, నత్రజని వాయువుల నుంచి గాలిలోనే తయారవుతుంది. ఫిర్యాదులు ఎప్పుడూ మొదటి రకం మీదే ఎక్కువ.

నగరానికి ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో ఉన్న పల్లం గిన్నెలా ఉంటుంది. పగలు సముద్రపు గాలి పొగను కొండల వైపు నెడుతుంది, రాత్రి నేలగాలి వెనక్కి తెస్తుంది. చలికాలపు రాత్రుల్లో పైన వెచ్చటి గాలిపొర మూతలా నిలిచి, పొగ చెదరకుండా ఆగిపోతుంది. పరిశ్రమలకు చోటు ఎంచినప్పుడు ఓడరేవు సౌకర్యం చూశారే గాని ఈ సంగతి చూడలేదు.

రేవుకు ముందు

ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం నాటి నుంచి 19వ శతాబ్దం చివరి దాకా పట్టణపు పొగ అంటే ప్రధానంగా కట్టెల పొయ్యిలదీ, పిడకలదీ. 1890లలో రైలు వచ్చాక వాల్తేరు వైపు బొగ్గు ఇంజన్ల పొగ తోడైంది.

రేవు, మాంగనీసు

1931లో రాయపూర్-విజయనగరం రైలుమార్గం పూర్తయింది. మధ్య పరగణాల ఖనిజానికి సముద్రం దగ్గరైంది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. తొలి ఏళ్ల ముఖ్య ఎగుమతి మాంగనీసు. ఆరుబయట పోసిన ఆ ఖనిజమే విశాఖ ఎరిగిన తొలి పారిశ్రామిక ధూళి అనుకోవచ్చు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నౌకా నిర్మాణ కేంద్రం మొదలైంది; 1948లో అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగింది.

చమురు, ఎరువు, జింకు

మూలాల స్వభావం నిజంగా మారింది 1957లో, కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారంతో (తర్వాత హెచ్‌పీసీఎల్). 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1977లో హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ వచ్చాయి. మూడూ ఒకే పల్లంలో, రేవుకు దగ్గరలో. వీటి గొట్టాల్లోంచి వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేటు రేణువులుగా మారుతుంది. ఎక్కడ పడిందో చీపురుకు తెలియని ధూళి ఇది. జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది.

బస్తర్ ఖనిజం

బస్తర్‌లోని బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి వేసిన కొత్తవలస-కిరండూల్ లైను 1960ల రెండో సగంలో పనిలోకి వచ్చింది. సుమారు 446 కిలోమీటర్లు, యాభైకి పైగా సొరంగాలు, అరకు మీదుగా సిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కి దిగే ఈ మార్గం భారతీయ ఇంజనీర్ల ఘనతల్లో లెక్కించదగినది. కిరండూల్, బచేలీ గనుల నుంచి పైకప్పు లేని వాగన్లలో ఖనిజం దిగివచ్చేది. రేవులో దాన్ని యంత్రాలతో గుమ్మరించి, బెల్టుల మీద కుప్పలకూ, ఓడలకూ చేర్చేవారు. 1976లో లక్ష టన్నులు దాటిన ఓడలు నిలిచేలా బయటి హార్బరు సిద్ధమయ్యాక ఎగుమతి ఇంకా పెరిగింది.

2000ల మధ్యలో ఎస్సార్ సంస్థ వేసిన 267 కిలోమీటర్ల గొట్టం వల్ల కొంత ఖనిజం ముద్దగా, నీటితో కలిసి రావడం మొదలైంది. అలా వచ్చినంత మేరకు దారిలో దుమ్ము లేదు.

ఆ తర్వాతి కాలంలో రేవుధూళి అంటే ఎర్రదికన్నా నల్లదే ఎక్కువ గుర్తుకు వస్తుంది. బొగ్గు దిగుమతులు పెరిగి, పాతనగరం, జ్ఞానాపురం ఇళ్లలో గచ్చు తుడిస్తే గుడ్డ నల్లబడుతోందన్న గోడు రివాజైంది. కుప్పల మీద నీళ్లు చల్లడం, టార్పాలిన్లు, చెట్ల వరసలు, కప్పువేసిన గిడ్డంగులు దీనికి రేవు అధికారుల జవాబు.

ఉక్కు, విద్యుత్తు

ప్రజా ఉద్యమ ఫలంగా దక్కిన ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ‘గోదావరి’, ‘కృష్ణ’, తర్వాత ‘అన్నపూర్ణ’ పేర్లతో బ్లాస్ట్ ఫర్నేసులు వెలిగాయి. ఎర్రగా కాలిన కోకును నీళ్లు పోసి ఆర్పకుండా, మూసిన గదిలో నత్రజనితో చల్లార్చి, ఆ వేడితో విద్యుత్తు తీసే పద్ధతిని ఇక్కడ మొదటినుంచీ పాటించడం మెచ్చుకోదగ్గది. ఆవిరితోపాటు లేచే కోకుపొడి దీనివల్ల బాగా తగ్గుతుంది.

పరవాడలోని ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం 2002లో రెండు 500 మెగావాట్ల యూనిట్లతో మొదలై, తర్వాతి దశలో 2,000 మెగావాట్లకు చేరింది. అక్కడి వడపోత యంత్రాలు బూడిదను పట్టగలవు, గంధక వాయువును పట్టలేవు. బొగ్గు విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు దేశంలో హద్దులు నిర్ణయించింది 2015 డిసెంబరులో మాత్రమే.

ఇల్లు, రోడ్డు, ఓడ

వంటింటి పొగ తగ్గడం ఈ చరిత్రలో నిశ్శబ్దంగా జరిగిన మార్పు. 1999లో మొదలైన ‘దీపం’ పథకం, 2016 నాటి ఉజ్వల గ్యాసు పొయ్యిలను పేదల ఇళ్లకు చేర్చాయి. ఆ జాగాను వాహనాలు ఆక్రమించాయి. 2005లో గాజువాకను కలుపుకుని మహానగరపాలక సంస్థ ఏర్పడింది; 2011 నాటికి జనాభా 17 లక్షలు దాటింది. రేవు లారీలు, జాతీయ రహదారి, ఆటోలు, ద్విచక్ర వాహనాలు కలిసి డీజిల్ మసిని ఊరి నడిబొడ్డుకు తెచ్చాయి. డీజిల్‌లో గంధకం హద్దు బీఎస్-4 వాహన ప్రమాణంలో పది లక్షల పాళ్లకు 50 పాళ్లు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6లో 10. అదే ఏడాది జనవరి నుంచి ఓడల ఇంధనంలో గంధకం హద్దు ప్రపంచమంతటా 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగింది. దీని ఫలితం రేవు నగరాలకే ముందు అందాలి.

కొలత

దేశంలో పీఎం 2.5కు ప్రమాణం 2009 నవంబరు దాకా లేదు. అప్పుడు ఘనమీటరు గాలికి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములుగా పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సూచన 5. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 కాలుష్య సూచీలో విశాఖ 70కి పైగా మార్కులతో తీవ్ర కాలుష్య ప్రాంతమైంది. 2010లో కొత్త పరిశ్రమలపై నిషేధం పెట్టి, తర్వాత ఎత్తివేశారు. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమపు 102 నగరాల తొలి జాబితాలో విశాఖ చేరింది. అయితే ఆ కార్యక్రమం ప్రగతిని కొలిచేది ముతక ధూళి కూడా కలిసిన పీఎం 10 తోనే. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వేసిన లెక్క ప్రకారం, దేశవ్యాప్తంగా ఆ కార్యక్రమపు నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికే ఖర్చయింది. పరిశ్రమల పొగకు వెళ్లింది ఒక్క శాతం కూడా కాదు.