పొల్లు చెరిపి గుడి కట్టే పెట్టె

వెదకవలసిన మాటను అందుకోవడం మినహా, తొలినాళ్ళ జాలపుటకు నోరే కాని చెవి లేదు. 1993లో మొజాయిక్ విహరిణి పూరించే ఫారములను తెచ్చింది. 1995 నవంబరు నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణం వాటిని స్థిరపరచింది. అయితే అందులో వ్రాసినది దూరానున్న సర్వరుకు పోయి, బదులు కొత్త పుటగా రావలసిందే. అది పరీక్షపత్రం దిద్దుబాటుకు పంపడం వంటిది. ప్రక్కన కూర్చుండి పలక దిద్దించడం కాదు.

ఆ పలక దిద్దించే మేష్టారు 1995 మే నెలలో పుట్టాడు. నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో తొలి రూపు కట్టిన ఆ భాషకు మోచా, లైవ్‌స్క్రిప్ట్, జావాస్క్రిప్ట్ అని ఒక్క ఏడాదిలోనే మూడు నామకరణాలు జరిగాయి. అందులో 'ప్రాంప్ట్' అను ఆజ్ఞ చిన్న గవాక్షం తెరచి ప్రశ్న వేస్తుంది. జవాబు వచ్చేదాకా పుటను కదలనీయదు. గద్దించి అడిగే ఆ పద్ధతి నాకు రుచించదు. 1997లో నెట్‌స్కేప్ 4తో, మీట నొక్కిన ప్రతిసారీ పసిగట్టే సౌకర్యం వచ్చింది. మనకు పనికివచ్చినది ఇదే.

యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. చోటు దక్కడం వేరు, వేలికి అందడం వేరు. బజారులో దొరికే కీబోర్డుపై ఉన్నవి రోమను అక్షరాలే. ఇన్‌స్క్రిప్టు అమరిక కంఠస్థం చేయాలి. నెట్ సెంటరులో పరుల యంత్రానికి మార్పులు చేయనిస్తారా? అందుకే ఎందరో తెలుగును రోమను లిపిలోనే వ్రాసుకున్నారు. 2006లో వీవెన్ గారు, నాగార్జున వెన్న గారి 'పద్మ' ఆధారంగా 'లేఖిని'ని అందించారు. పుట తెరిస్తే చాలు, పై పెట్టెలో రోమను, క్రింది పెట్టెలో తెలుగు.

వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక దీని లోపలి పని నాకు మహా ముచ్చట. యూనికోడు 'క'లో అకారం ఇమిడే ఉంది. 'క్' కావాలంటే పొల్లు చేర్చాలి. రోమను 'కె' నొక్కగానే 'క్' కనబడుతుంది. వెంటనే 'ఐ' అను అచ్చు పరమైతే పొల్లు చెరిగి గుడి చేరి 'కి' అవుతుంది. హల్లు పరమైతే పొల్లు లోపలే నిలిచి సంయుక్తాక్షరం కడుతుంది. కాబట్టి ఒక్క మీటను చూసి అక్షరం తేల్చడం కుదరదు. వెనుకటి వాటితో కలిపి చదవాలి.

రోమను మెట్లెక్కి తెలుగుకు చేరడం పండితప్రాణానికి కొంచెం కష్టమే. ఆంగ్లంలో పేరు మొదట గౌరవానికి నిలిచే పెద్దక్షరం ఇక్కడ న-ణ, ల-ళ భేదం చూపే కూలిపని చేస్తుంది. చిన్న 'ఎల్' నొక్కితే కల, పెద్ద 'ఎల్' నొక్కితే కళ. నేను ఇప్పటికీ ఆ మీట దగ్గర ఒక్క క్షణం ఆగి మరీ నొక్కుతాను.