బహ్రెయిన్ కుక్కల చెవిన పడ్డ వందేళ్లు

బహ్రెయిన్ విస్తీర్ణం దాదాపు 780 చదరపు కిలోమీటర్లు. గ్రేటర్ హైదరాబాద్ పాత హద్దుల కన్నా కాస్త పెద్దదంతే. చుట్టూ సముద్రం, నడుమ చదునైన నేల, దేశం మొత్తానికి ఎత్తయిన జబల్ దుఖాన్ కూడా 134 మీటర్ల గుట్టే. మోత అందనంత దూరం పారిపోవడానికి అక్కడ కుక్కకు చోటు తక్కువ. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన ధ్వని వినిపించదు. కుక్క 45 వేల దాకా వింటుంది. ఈ ద్వీపంలో ఒక్కో తరం ఒక్కో రకం మోతను తెచ్చిపెట్టింది. కుక్కల భయానికి చికిత్స మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

అరేబియా తీరంలో పేరున్న పాత కుక్క సలూకీ. సన్నని నడుము, పొడుగు కాళ్లు, వేలాడే చెవులు. డేగతో కలిసి కుందేలును, జింకను తరిమే వేటకుక్క ఇది. మన దక్కన్‌లోని కారవాన్ హౌండ్‌కు పూర్వీకులు వర్తకుల వెంట వచ్చిన ఇలాంటి కుక్కలేనని చెబుతారు. కుక్కను అపవిత్రంగా చూసే ఇళ్లలో కూడా సలూకీకి గుడారంలో చోటుండేది. ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని 1923లో గుర్తించింది. ఇక్కడ గమనించాల్సింది దాని వేట తీరు: చూపు, పరుగు, అంతే. తుపాకీతో దానికి పని లేదు. యూరప్‌లోని పాయింటర్, రిట్రీవర్ జాతుల సంగతి వేరు. తుపాకీ పేలితే బెదిరే కుక్క వేటగాడికి కొరగాదు కనుక అలాంటి వాటికి పిల్లలు పుట్టించేవారు కాదు. నార్వేలో 17 జాతులకు చెందిన ఐదు వేలకు పైగా కుక్కలపై జరిపిన సర్వే 2015లో వెలువడింది. వాటిలో దాదాపు నాలుగో వంతు చప్పుళ్లకు భయపడ్డాయి, అన్నిటికన్నా ఎక్కువ భయం బాణసంచాకే. తక్కువగా బెదిరిన జాతుల్లో పాయింటర్ ఉంది. సలూకీకి అలాంటి వడపోత ఎప్పుడూ జరగలేదు.

పాతకాలపు ద్వీపంలో అలవాటైన పెద్ద మోత ఇఫ్తార్ ఫిరంగిది. రంజాన్ నెలలో సూర్యాస్తమయం కాగానే ఉపవాసం విరమించే వేళను చాటడానికి దాన్ని పేలుస్తారు. గుండు ఉండదు, ఉత్త మందే. హైదరాబాద్ పాతబస్తీలో ఆ పని సైరన్ చేస్తుంది. బహ్రెయిన్‌లో ఫిరంగి ఇప్పటికీ పోలీసుల చేతిలో ఉంది. రిఫా కోట, అరాద్ కోట వంటి చోట్ల దాన్ని చూడటానికి పిల్లలతో సహా జనం చేరతారు. రోజుకు ఒక్క దెబ్బ, తెలిసిన వేళకు, నెల రోజులు. భయపడే కుక్కకు ఇది మేలా, కీడా అన్నది దాని మొదటి అనుభవాన్ని బట్టి ఉంటుంది. దూరం నుంచి విని, ఏ హానీ జరగక, అదే వేళకు తిండి దొరికిన కుక్క క్రమంగా పట్టించుకోవడం మానేయవచ్చు. గోడ పక్కనే విని అదిరిపోయిన కుక్కకు మర్నాటి దెబ్బ ఇంకా పెద్దదిగా తోస్తుంది. ఒకే చప్పుడు ఒక కుక్కకు అలవాటుగానూ మరొక కుక్కకు ముదిరే భయంగానూ మారుతుందన్న ఈ సూత్రమే ఆ తర్వాత వచ్చిన చికిత్సలన్నిటికీ పునాది.

1932 జూన్‌లో జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. శుద్ధి కర్మాగారం వెలిసింది, ఉద్యోగుల కోసం అవాలీ పట్టణం పుట్టింది. కుక్కను ఇంటి మనిషిలా చూసుకునే అలవాటు విదేశీ ఉద్యోగుల వెంట బలపడింది. ఆ చమురు కోసమే 1940 అక్టోబర్ 19న ఇటలీ విమానాలు వచ్చి బాంబులు వేశాయి. నష్టం పెద్దగా జరగలేదు.

తర్వాతి వింత మోత కాంకార్డ్ విమానానిది. ధ్వనిని మించిన వేగంతో ప్రయాణికులను మోసే ఈ విమానం బ్రిటిష్ ఎయిర్‌వేస్ తరఫున 1976 జనవరి 21న లండన్ నుంచి ఎగిరి మొదటిసారి దిగింది బహ్రెయిన్‌లోనే. ఆ వేగంలో ఉన్నంతసేపూ అది నేల మీద ఉరుములాంటి పేలుడు శబ్దాన్ని వెంట లాక్కుపోతుంది. దిగే ముందు వేగం తగ్గించేవారు కనుక ఆ పేలుడు రాజధాని మనామా మీద కాక దారిలోని ఎడారి మీద పడేది. విమానాశ్రయం ఉన్న ముహర్రక్ వాసులకు ఇంజన్ల హోరు మిగిలేది. 1977 డిసెంబర్‌లో ఆ సర్వీసును సింగపూర్ దాకా పొడిగించారు. భారతదేశం తన నేల మీదుగా ఆ వేగంతో పోనివ్వలేదు. మలేసియా కూడా అభ్యంతరం చెప్పడంతో మూడు ప్రయాణాలతోనే ఆగిపోయి, 1979 జనవరిలో మళ్లీ మొదలై, 1980 నవంబర్‌లో ముగిసింది. ఫలానా మోత మాకొద్దని దేశాలే కాదన్న రోజులవి. ఆ వాదనలో జంతువుల పేరు ఎత్తినవారు కొద్దిమందే. బహ్రెయిన్‌లో జంతు హింసా నివారణ సంఘం పుట్టింది కూడా ఆ కాలంలోనే, 1979లో.

చికిత్స కథ మాత్రం వేరే దేశాల్లో నడిచింది. 1924 సెప్టెంబర్ 23న లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తినప్పుడు రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగశాలలోని కుక్కలు బోనుల్లోనే నీళ్లలో చిక్కుకున్నాయి. వాటిని బయటికి తెచ్చాక చూస్తే కొన్ని తాము నేర్చినదంతా మరిచిపోయాయి. కొన్నాళ్లకు కోలుకున్న కుక్క ముందు తలుపు కింద నుంచి కాస్త నీరు పారిస్తే చాలు, మళ్లీ మొదటికొచ్చింది. ఒక్క అనుభవం అంత లోతుగా నాటుకుపోగలదని అప్పుడు తెలిసింది. అదే ఏడాది అమెరికాలో మేరీ కవర్ జోన్స్ కుందేలంటే భయపడే ఒక పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చి భయం పోగొట్టింది. జోసెఫ్ వోల్పే 1958లో ఈ పద్ధతిని మనుషుల వైద్యంగా తీర్చిదిద్దాడు. అది కుక్క దగ్గరకు చేరింది 1974లో: ట్యూబర్, హాదర్సాల్, వాయిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఉరుముకు బెదిరే కుక్కకు రికార్డు చేసిన ఉరుమునే మందుగా వాడిన తీరు వివరించారు.

పద్ధతి చూడటానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. పేలుడు శబ్దాన్ని కుక్క చెవి కాస్త నిక్కి మళ్లీ వాలేటంత చిన్నగా వినిపిస్తారు. వినిపించిన వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క. శబ్దం ముందు, ముక్క తర్వాత. ఈ వరుస తప్పకూడదు. కుక్క ముక్క కోసం తిరిగి చూస్తుంటే మర్నాడు ఒక మెట్టు పెంచుతారు. పెదవులు నాకడం, ఆవలించడం, తోక ముడవడం కనిపిస్తే రెండు మెట్లు తగ్గిస్తారు. వారాలు పడుతుంది. పండగ రేపనగా మొదలుపెడితే మేలుకు బదులు కీడే జరుగుతుంది.

వెనకటి సలహాల్లో కొన్ని నిలబడలేదు. భయపడిన కుక్కను ఓదారిస్తే భయం ముదురుతుందని, పట్టించుకోకూడదని చాలాకాలం చెప్పారు. భయం బహుమతి కోసం చేసే పని కాదు కనుక నిమిరితే పెరగదని ఇప్పటి నిపుణుల మాట. ఏస్‌ప్రొమజిన్ అనే మత్తు మాత్ర పరిస్థితీ అంతే. కుక్క కదలకుండా పడుకునేది, యజమాని నిశ్చింతగా ఉండేవాడు, లోపలి భయం మాత్రం అలాగే ఉండేది. ఇప్పుడు దాన్నొక్కదాన్నే ఇవ్వడాన్ని పశువైద్యులు సమర్థించరు. చప్పుళ్ల భయానికంటూ అనుమతి పొందిన డెక్స్‌మెడెటొమిడిన్ జెల్ యూరప్‌లో 2015లో, అమెరికాలో 2016లో వచ్చింది. దాన్ని చిగుళ్లకు, చెంపకు మధ్య పూస్తారు. మింగితే సరిగా పనిచేయదు. పరిశోధకురాలు స్టెఫనీ రీమర్ 2020లో ప్రచురించిన సర్వేలో 1,200 మందికి పైగా యజమానులు తమ అనుభవం చెప్పారు. పేలుడు వినిపించినప్పుడల్లా తిండి, ఆట అందించడం పనిచేసిందన్నవారు 70 శాతం పైచిలుకు.

బహ్రెయిన్ చప్పుళ్లు ఈలోగా మళ్లీ మారాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో స్కడ్ క్షిపణులు అటువైపూ వచ్చాయి, సైరన్లు మోగాయి. 2004 ఏప్రిల్ 4న సఖీర్ ఎడారిలో తొలి ఫార్ములా వన్ పందెం జరిగింది. వి10 ఇంజన్ల అరుపు ఎడారిని హోరెత్తించింది. 2014లో ఇంజన్లు మారి మోత తగ్గింది. అదే ఏడాది పందేన్ని రాత్రికి మార్చి ట్రాక్ మీద బాణసంచా కాల్చారు. అన్నిటికన్నా పెద్ద బాణసంచా మాత్రం డిసెంబర్ 16 జాతీయ దినోత్సవానిది. దేశం స్వతంత్రమైంది 1971 ఆగస్టులో. అయినా షేక్ ఈసా బిన్ సల్మాన్ 1961లో సింహాసనమెక్కిన సందర్భానికి గుర్తుగా పండగ డిసెంబర్‌లో జరుపుతారు. రెండు వారాలకు నూతన సంవత్సరం. ఎండాకాలంలో ఏసీ హోరు, మూసిన కిటికీలు చప్పుడును కొంత ఆపుతాయి. డిసెంబర్ చల్లదనానికి తలుపులన్నీ తెరిచి ఉంటాయి. బాణసంచా సొంతంగా కొని కాల్చడానికి చట్టం ఒప్పుకోదు కనుక అక్కడి భారతీయుల దీపావళి ఎక్కువగా దీపాలతోనే గడుస్తుంది. కుక్కలున్నవాళ్లకు ఇది కలిసొచ్చిన విషయమే: పెద్ద మోతలు ఎప్పుడు మోగేదీ ముందే తెలుస్తుంది.

ఆ సాయంత్రాలకు ఇంటి ఏర్పాటు స్థిరపడింది. చీకటి పడకముందే నడక ముగించడం, కిటికీ లేని లోపలి గదిలో పరుపు, నీళ్లు, ఫ్యాన్ మోత, మైక్రోచిప్ నమోదులో సరైన ఫోన్ నంబరు. వీధికుక్కలకు ఇవేవీ లేవు. వాటికి మేలు చేయగలిగేది చప్పుడునే తగ్గించడం. ఇటలీలోని కొలెక్కియో పట్టణం 2015లో తక్కువ మోత బాణసంచానే అనుమతించింది, గలపగోస్ దీవులు 2018 చివర్లో మోత బాణసంచాను నిషేధించాయి.

రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 1999లో డిసెంబర్ 16 ఆ నెలలోనే పడింది. లెక్క ప్రకారం 2030లో రంజాన్ రెండుసార్లు వస్తుంది, రెండోది డిసెంబర్ చివర్లో మొదలవుతుంది. 2031లో డిసెంబర్ 15 ప్రాంతాన మొదలు. అంటే ఆ ఏడు సాయంత్రం ఫిరంగి, ఆ రాత్రే జాతీయ దినోత్సవపు బాణసంచా, తర్వాత నెలంతా రోజూ ఫిరంగి. డిసెంబర్ నడుమ రెండు మోతలూ ఒకేసారి మొదలయ్యే అలాంటి ఏట బహ్రెయిన్‌లో కుక్కకు శిక్షణ సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టాల్సి ఉంటుంది.